తాళపుచెవి చేతులు మారు దినము

ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు అని మన పెద్దలు సంసారికి రెండు పరీక్షలు పెట్టిరి. ఈ కాలమున మూడవది యొకటి చేర్చవచ్చును: ఇల్లు అద్దెకిచ్చి చూడు. ఇల్లు కట్టుటలోని శ్రమ గృహప్రవేశముతో తీరును. పెండ్లిలోని శ్రమ అప్పగింతలతో ముగియును. అద్దెకిచ్చుటలోని శ్రమ మాత్రము ఒక కుటుంబము వెళ్లి మరియొక కుటుంబము వచ్చిన ప్రతిసారియు క్రొత్తగా మొదలగును.

మాకు విజయవాడలో ఒక పాత మేడ కలదు. మీది అంతస్తులో మేముందుము. క్రింద రెండు వాటాలు అద్దెకిచ్చుచుందుము. విజయవాడ పెద్ద రైలు కూడలి; కార్యాలయములకును కళాశాలలకును నెలవు. అందుచే ఇక్కడ అద్దెకుండువారిలో బదిలీ ఉద్యోగులును, పిల్లల చదువులకై వచ్చినవారును మెండు. ఇరువది యేండ్లలో ఆ రెండు వాటాలలో పదమూడు కుటుంబములు కాపురముండి వెళ్లినవి. ఆ రాకపోకలలో మేము నేర్చినదానిని గూర్చియే ఈ ప్రసంగము. దీనిని వినుచున్నవారిలో ఇంటివారును ఉందురు, అద్దెవారును ఉందురు. ఇరువురకును పనికివచ్చునట్లు చెప్ప యత్నించెదము.

మొదట ఒక చిన్న లెక్క చూతము. ఇంటివారు అద్దె పెంచుటను గూర్చి తలచినంతగా, ఇల్లు ఖాళీగా ఉండుటను గూర్చి తలపరు. నెలకు 9,000 రూపాయల అద్దె వచ్చు వాటా ఒకటి ఉన్నదనుకొందము. నూటికి అయిదు చొప్పున పెంచినచో నెలకు 450 రూపాయలు అధికముగా వచ్చును. ఆ పెంపునకు ఇష్టపడక ఉన్నవారు వెళ్లిపోయి, ఇల్లు ఒక్క నెల ఖాళీగా పడియున్నచో 9,000 రూపాయలు పోవును. నెలకు 450 చొప్పున ఆ సొమ్ము తిరిగి రావలెనన్న 20 నెలలు పట్టును. సున్నములకు, మరమ్మతులకు, ఇల్లు కుదిర్చిన మధ్యవర్తికి అయిన వ్యయము వేరు. అద్దె ఎన్నడును పెంచరాదని మేము చెప్పుట లేదు. ఇంటిపన్ను పెరుగుచుండగా అద్దె అక్కడనే నిలిచియుండుట సాధ్యము కాదు. పెంచబోవు ముందు ఈ 20 నెలల లెక్కను ఒకసారి మనసున నుంచుకొనుడని మాత్రమే మా మనవి.

ఇల్లు ఖాళీగా ఉండుటకు మన పంచాంగము కూడ కొంత కారణము. బదిలీలు, బడుల మార్పులు వేసవిలో జరుగును. బడులు జూనులో తెరచుదురు. కనుక మే, జూను నెలలలో ఇండ్లు వెదకువారు ఎక్కువగా ఉందురు. అటుపిమ్మట ఆషాఢము వచ్చును. ఆషాఢమున క్రొత్త యింట పాలు పొంగించుటకు మనవారిలో చాలమంది ఇష్టపడరు. భాద్రపదము, పుష్యము కూడ అట్టివే. శుక్రమౌఢ్యము వచ్చినచో ఆ దినములును పోవును. ఇంటివారికి ఈ పట్టింపులు ఉన్నను లేకున్నను, వచ్చువారికి ఉండును గనుక లెక్కలోనికి తీసికొనక తప్పదు. జ్యేష్ఠము చివర ఖాళీ అయిన ఇల్లు శ్రావణము వరకు తాళముతో ఉండుట మేము ఎరుగుదుము.

దీనికి ఉపాయము ముందుగా అడుగుట. ఏటేట ఉగాది దాటిన తరువాత మేము క్రిందికి దిగి, "ఈ ఏడు మీ ఆలోచన ఎలా ఉంది? ఉంటారా, ఎక్కడికైనా వెళ్లాలా?" అని ఇరు వాటాలవారిని అడుగుదుము. ఇది పొమ్మనుట కాదని మొదటి మాటలోనే చెప్పుదుము. వెళ్లువారు ఒక నెల ముందుగా చెప్పవలెననియు, మేము ఖాళీ చేయుమని కోరినను అట్లే గడువీయవలెననియు పత్రములో వ్రాసికొందుము. ఆ నెలలో క్రొత్తవారికి ఇల్లు చూపుట కూడ జరిగిపోవును. అయితే చూపునప్పుడు లోపలివారి వీలు కనుగొనవలెను. ఇల్లు మనది కావచ్చును. అద్దె పుచ్చుకొన్నంత కాలము ఆ వంటిల్లు వారిది. ముందుగా చెప్పక నలుగురిని వెంటబెట్టుకొనిపోయి తలుపు తట్టుట మర్యాద కాదు. కేంద్ర మంత్రిమండలి 2021 జూన్‌లో ఆమోదించిన నమూనా అద్దె చట్టము కూడ, ఇంటివారు లోనికి పోవలెనన్న ఇరువదినాలుగు గంటల ముందు తెలియజేయవలెనని చెప్పుచున్నది. అద్దె విషయము రాష్ట్రములది గనుక, ఏ రాష్ట్రమువారు ఆ రాష్ట్రపు చట్టమునే చూచుకొనవలెను. అయినను ఆ నమూనాలోని మాట ఎక్కడనైనను మర్యాదకు సరిపడునదే.

ఇంతవరకు చెప్పినది లాభనష్టముల సంగతి. ఇక మేము చేసిన ఒక తప్పు చెప్పవలసియున్నది. దానిని చెప్పుటకే ఈ ప్రసంగమునకు ఒప్పుకొంటిమి.

వెనుక వాటాలో బ్యాంకు ఉద్యోగి ఒకరు, భార్య, ఇద్దరు పిల్లలు నాలుగేండ్లు కాపురముండిరి. అద్దె నెలనెలా అయిదవ తేదీ దాటనిచ్చెడివారు కారు. మమ్ము బాబాయిగారూ, పిన్నిగారూ అని పిలిచెడివారు. 2018 జూనులో ఆయనకు నూజివీడు బదిలీ అయినది. తన స్థానమునకు వచ్చు ఉద్యోగి కుటుంబమునకు ఈ ఇల్లే చెప్పెదనని ఆయన మాతో అనిరి. మేము సంతోషించితిమి.

సామాను లారీకెక్కించిన దినమున ఇల్లు చూడబోతిమి. పడకగదిలో మంచము జరిపిన చోట గోడ నడుము ఎత్తువరకు చెమ్మతో పొంగి, పెచ్చులూడియున్నది. మాకు కోపము వచ్చినది. ఆ గోడకు ఆనించి పిల్లలు నీళ్ల సీసాలు పెట్టుట, వానకాలమున తడిబట్టలు ఆరవేయుట మేము చూచియుంటిమి. అది మనసున పెట్టుకొని, "పిల్లలను అదుపులో పెట్టుకోకపోతే గోడలు ఇలాగే అవుతాయి" అంటిమి. వారి అడ్వాన్సు రెండు నెలల అద్దె, అనగా 18,000 రూపాయలు. అందులో 9,000 గోడకును సున్నములకును పట్టుకొంటిమి. ఆయన, "బాబాయిగారూ, ఆ గోడ సంగతి మీతో రెండుసార్లు చెప్పాను గదా" అని మాత్రము అనిరి. ఆమె ఏమియు అనలేదు. చిన్నపిల్లవానిని చేయిపట్టుకొని వెళ్లి ఆటోలో కూర్చుండినది.

వారి స్థానమునకు వచ్చిన ఉద్యోగి మా ఇంటికి రాలేదు. ఆయన చెప్పలేదో, చెప్పవలసినదే చెప్పిరో! మేము గోడ గీకించి, పూత పూయించి, రంగు వేయించునప్పటికి జూలై సగమైనది. ఆషాఢము ప్రవేశించినది. శ్రావణమున, అనగా ఆగస్టు నడిమికి గాని క్రొత్తవారు రాలేదు. పట్టుకొన్నది 9,000, నెలన్నర అద్దె రూపమున పోయినది 13,500.

కథ అంతటితో ముగియలేదు. అక్టోబరు నెలలో క్రొత్తవారు వచ్చి, పడకగది గోడ పొంగుచున్నదని చెప్పిరి. అదే గది, అదే గోడ. తాపీమేస్త్రీని పిలిపించి పగులగొట్టించి చూడగా, మీది అంతస్తులోని మా స్నానాలగది గొట్టము గోడలో అతుకువద్ద కారుచున్నది. ఎన్నేండ్లుగా కారుచున్నదో! మా నీళ్లే వారి గోడలోనికి దిగినవి. దాని ఖరీదు వారివద్ద వసూలు చేసితిమి. పైగా పిల్లవానిని అంటిమి.

ఆ ఆదివారము ఇరువురమును 9,000 రూపాయలు తీసికొని నూజివీడు వెళ్లితిమి. జరిగినది చెప్పితిమి. తప్పు మాదని ఒప్పుకొంటిమి. ఆయన సొమ్ము పుచ్చుకొని, "మీరు ఇంత దూరం రానక్కరలేదు, ఫోనులో పంపితే సరిపోయేది" అనిరి. కాఫీ వచ్చినది, పెద్దపిల్లవాడు తెచ్చి ఇచ్చెను. ఆమె మాత్రము వంటింటి నుండి బయటకు రాలేదు. సొమ్ము తిరిగి ఇచ్చిన మాట నిజమే. అన్న మాటను తిరిగి తీసికొనుట మాకు చేతకాలేదు.

తిరుగు ప్రయాణమున బస్సులో కూర్చుండి ఆలోచించుకొంటిమి. మాకు దురాశ ఉన్నదా? ఉన్నదని తోచలేదు. మరి ఎక్కడ తప్పితిమి? గోడ మొదట ఎట్లున్నదో మావద్ద వ్రాత లేదు. ఆయన రెండుసార్లు చెప్పిన ఫిర్యాదు మేము వ్రాసికొనలేదు. చెమ్మకు కారణము వెదకకయే ఖరీదు కట్టితిమి. సామాను లారీలో ఉండగా, పిల్లలు ఎండలో నిలుచుండగా బేరమాడితిమి. అట్టి సమయమున అద్దెవారు ఎదురాడలేరు. ఇంటివారి చేతిలో వారి సొమ్ము ఉండును. వారి చేతిలో మన తాళపుచెవి తప్ప ఏమియు ఉండదు.

నాటినుండి కొన్ని నియమములు పెట్టుకొంటిమి. అవి పెద్ద విషయములు కావు, ఎవరైనను పాటింపదగినవే.

మొదటిది, వచ్చిన దినపు జాబితా. క్రొత్తవారు సామాను దింపక ముందే వారును మేమును కలసి గదిగదియు తిరుగుదుము. ఫ్యానులెన్ని, స్విచ్చులలో పనిచేయనివెన్ని, కుళాయిలు, తలుపుల గొళ్లెములు, కిటికీ అద్దములు, వాష్ బేసినులో చిట్లినది ఉన్నదా, గోడలమీద మరకలెక్కడ కలవు—ఇవన్నియు ఒక కాగితముమీద వ్రాసి ఇరువురమును సంతకములు చేయుదుము. ఇప్పుడు చేతిలో ఫోను ఉన్నది గనుక తేదీతో ఛాయాచిత్రములు తీసి వారికొక ప్రతి పంపుదుము. అరగంట పని. వెళ్లునాడు అదే కాగితము తీసి చూచినచో వాదులాడవలసినది మిగులదు.

రెండవది, ఎవరి బాధ్యత ఎంతవరకు అన్నది తెలిసికొనుట. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టము 108వ సెక్షనులో, అద్దెవారు తాము పుచ్చుకొన్న స్థితిలోనే ఇంటిని తిరిగి అప్పగింపవలెనని ఉన్నది. కాని న్యాయమైన వాడుకవలన కలిగిన అరుగుదలను, మానవుడు ఆపలేని విపత్తులవలన కలిగిన నష్టమును అందుండి మినహాయించినది. నాలుగేండ్లు కాపురమున్న ఇంట సున్నము మాయుట అరుగుదల. వంటింటి గోడ పొగచూరుట అరుగుదల. కుళాయి వాషరు అరుగుట పేరులోనే ఉన్నది. బేసిను పగులుట, తలుపు విరుగుట, అడుగకుండ గోడకు పెద్ద రంధ్రములు చేయించుట వేరు. వాటి ఖరీదు అడుగుట న్యాయమే. నమూనా అద్దె చట్టపు పట్టికలో కూడ, వేరుగా ఒప్పుకొననప్పుడు, గోడల సున్నము, తలుపుల కిటికీల రంగు, అవసరమైనప్పుడు గొట్టముల మార్పు, కరెంటు తీగల పని ఇంటివారి వంతునను, కుళాయి వాషర్లు, తూముల శుభ్రత, స్విచ్చుల మరమ్మతు వంటి చిన్నపనులు అద్దెవారి వంతునను వేసినారు. కాని మన ఊళ్లలో, ఎట్లున్నను సరే, వెళ్లునప్పుడు సున్నములకని ఒక నెల అద్దె పట్టుకొను వాడుక పాతుకొనిపోయినది. అట్లు పట్టుకొనదలచినవారు వచ్చినప్పుడే చెప్పి పత్రములో వ్రాయవలెను. చెప్పక పట్టుకొనుట బలిమి యగును.

మూడవది, లెక్క. వెళ్లుటకు వారము ముందుగా ఒకసారి ఇల్లు చూచి, పట్టుకొనదలచినది ఏదైన ఉన్నచో ఆనాడే కారణముతో చెప్పుదుము. బాగుచేయించుకొను అవకాశము వారికి ఉండవలెను గదా. వెళ్లు దినమున కరెంటు మీటరు అంకె ఇరువురమును చూచి వ్రాసికొందుము. చివరి బిల్లు తరువాత కాల్చిన కరెంటుకు సొమ్ము ఆ అంకెనుబట్టి లెక్కకట్టుదుము. కుళాయి నీటికి గాని, చెత్త ఎత్తువానికి గాని బాకీ ఉన్నచో అదియు చేర్చుదుము. మిగిలిన అడ్వాన్సు తాళము పుచ్చుకొనిన దినముననే ఇచ్చివేయుదుము. నమూనా చట్టములోని నియమము కూడ అదే. అడ్వాన్సు మన సొమ్ము కాదు. మనవద్ద దాచిన సొమ్ము. దానిని పిల్ల పెండ్లికో, మేడమీది గదికో ఖర్చుపెట్టుకొని, క్రొత్తవారు ఇచ్చినప్పుడు పాతవారికిచ్చెదమనుట చాల ఇండ్లలో జరుగుచున్న పని. మేము ఆ సొమ్మును బ్యాంకులో వేరుగా ఉంచుట అలవాటు చేసికొంటిమి. ఎంత తక్కువ అడ్వాన్సు తీసికొన్న అంత తేలిక. కాపురపు ఇండ్లకు రెండు నెలల అద్దెకు మించరాదని నమూనా చట్టము చెప్పుచున్నది.

నాలుగవది, ఖాళీ దినములలో చేయవలసిన పని. ఇల్లు ఖాళీ కాగానే రంగువానిని పిలుచుట మన తొందర. అది అన్నిటికంటె చివరి పని. మొదట నీళ్ల పని: అన్ని కుళాయిలు విప్పి, ట్యాంకు నింపి, ఒక పగలు ఒక రాత్రి గోడలు, కప్పు కనిపెట్టవలెను. చెమ్మ ఉన్నచో దాని మూలము కనుగొని, బాగుచేసి, గోడ ఆరనీయవలెను. ఆరని గోడమీద ఎంత మంచి రంగు వేసినను పెచ్చులై రాలును, మేము చూచినదే. తరువాత కరెంటు పని, తరువాత వడ్రంగి పని. తలుపుల మూలలు, అలమరల వెనుక చెదలున్నవేమో చూడవలెను. ఇవన్నియు అయిన పిదప రంగు. కడపట వీధి తలుపు తాళము మార్పించవలెను. పాతవారిమీద అనుమానముచేత కాదు; వారి పనిమనిషివద్దనో, బంధువులవద్దనో ఒక చెవి ఉండిపోవచ్చును. క్రొత్తవారు నిశ్చింతగా నిద్రింపవలెను గదా.

ఇక క్రొత్తవారిని ఎంచుకొనుట. టులెట్ పలక చూచి వచ్చినవారిని, "మీరేమిట్లు?" అని కులము అడుగుట మన వీధులలో నేటికిని పోలేదు. ఇరువది యేండ్ల అనుభవములో అద్దె సకాలమున ఇచ్చుటకును కులగోత్రములకును సంబంధమేదియు మాకు కనబడలేదు. అడుగవలసినవి వేరే కలవు: ఎందరుందురు, బండ్లెన్ని, ఎంతకాలముండ దలచిరి, ఉద్యోగమెక్కడ, అద్దె ఏ తేదీకి వీలగును. గుర్తింపు పత్రముల నకళ్లు తీసికొని, పత్రము వ్రాసికొనవలెను. పదునొకండు నెలలకు వ్రాసికొనుట చాలచోట్ల వాడుక. స్టాంపు, నమోదు నియమములు రాష్ట్రమునుబట్టి మారును గనుక, ఊరి సబ్ రిజిస్ట్రారు కార్యాలయమున ఒకసారి అడుగుట మేలు.

వారు అడుగక ముందే మనము చెప్పవలసినవియు కలవు. నీళ్లు ఏ వేళ వచ్చును, మోటారు ఎవరు వేయవలెను, వేసవిలో పడమటి గది ఎంత వేడెక్కును, రాత్రి గేటు ఎప్పుడు మూయుదురు—ఇవి దాచి ఇల్లు ఇచ్చినచో మూడు నెలలకే మరల పలక కట్టవలసివచ్చును. ఇంటి లోపము తెలిసి వచ్చినవారు నిలుతురు.

ఈ పద్ధతులు పెట్టుకొన్న తరువాత మా ఇంటినుండి మూడు కుటుంబములు వెళ్లినవి. రెండుసార్లు వెళ్లినవారే తమ తోటి ఉద్యోగులను చెప్పి పంపిరి. ఇల్లు పదిదినములకు మించి ఖాళీగా ఉండలేదు. మూడవసారి బేసిను పగిలియుండగా ఖరీదు పట్టుకొంటిమి. వారు జాబితా చూచుకొని, ఒప్పుకొని, నవ్వుచునే వెళ్లిరి.

ఇప్పటికిని ఎవరైన ఇల్లు ఖాళీ చేయునాడు, లారీ రాకముందే మేము క్రిందికి దిగి లెక్క ముగించివేయుదుము. సామాను ఎక్కించువేళ మేము అక్కడ ఉన్నను చేతిలో కాగితములుండవు. పిల్లలకు దారిలో త్రాగుటకు మంచినీళ్లు నింపి ఇచ్చి, తాళపుచెవి పుచ్చుకొందుము.